నేలలో ఉన్న అరవై బస్తాలు

“లారీని వెనక్కి పంపించు నాన్నా.”

దుర్గాప్రసాద్ తలెత్తలేదు. ఇడ్లీ ముక్కను కారప్పొడిలో అద్ది, నెయ్యి సరిగ్గా పట్టిందో లేదో చూసుకుని, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు.

“నీతోనే చెప్తున్నా.”

“వినపడుతోందిలే. గవర్నర్‌పేట మొత్తానికీ వినపడుతోంది.”

“అయితే ఫోన్ చెయ్యి.”

“చేసి ఏమని చెప్పను? వెంకటకృష్ణారావు పాపం పొద్దున్నే లేచి తన సరుకు ఒక్క పూట బదులుకి ఎక్కించాడు. అరవై బస్తాలు, గట్టి మినుములు. కొండపల్లి నుంచి ఇబ్రహీంపట్నానికి ఎంతసేపు? నువ్వు తల దువ్వుకునేలోపు మన గోడౌన్‌లో దించేస్తారు. పదకొండింటికి ఆ ఆడిట్ అమ్మాయి వచ్చి లెక్కపెట్టుకుంటుంది. నాలుగువేల రెండొందలు. సాయంత్రం ఎవరి బస్తాలు వాళ్ళకి. దీనికి ఇంత గోలేంటి?”

భోజనాల బల్ల మీద, చట్నీ గిన్నె పక్కన, దారంతో కట్టిన పసుపుపచ్చ చీటీల కట్ట ఉంది. అగ్గిపెట్టె కోసం దేవుడి అలమరలో చెయ్యి పెట్టినప్పుడు, అరగంట క్రితం, కుంకుమ భరిణె వెనక దొరికింది అది భానుశ్రీకి. ఒక్కో చీటీ మీద ఒక్కో నంబరు. గోడౌన్‌లో బస్తా మూతికి కుట్టి ఉండాల్సినవి. మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ అరవై.

ఆ చీటీల వెనక ఆమె మూడేళ్ళ బతుకుంది. రైతు మినుములు తెచ్చి గోడౌన్‌లో పెడతాడు. బస్తాకొక చీటీ, ఆ చీటీకి జోడీగా నెట్‌లో ఒక టోకెన్. కోతల రోజుల్లో అడిగినంతకి తెగనమ్ముకోకుండా, ఆ టోకెన్‌ని ‘గాదె’లో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. గాదె అంటే ఆమె కట్టిన ఉమ్మడి నిధి. బ్యాంకు లేదు, మేనేజరు లేడు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు అందులో డబ్బు వేస్తారు, ముందే రాసిపెట్టిన నిబంధనలు దాన్ని నడుపుతాయి. డీఫై అంటారు. అంతటికీ ఆధారం ఒక్కటే. ఇబ్రహీంపట్నంలో తన తండ్రి గోడౌన్‌లో ఆ బస్తాలు నిజంగా ఉండడం.

నూటికి ఒక బస్తాకు మించి తగ్గితే గాదె తలుపు దానంతటదే మూసుకుపోతుంది. నూట అరవైమూడు మంది రైతుల అప్పులూ ఒక్కసారిగా మీద పడతాయి. వాళ్ళ బస్తాలు ఆ పూట వచ్చిన రేటుకే పోతాయి.

“అయినా టోకెన్లు ఎక్కడికీ పోలేదు కదే!” అన్నాడు దుర్గాప్రసాద్, ఈసారి కాస్త నొచ్చుకుని. “బస్తాలు లారీ ఎక్కేముందు నేనే కూర్చుని, బ్లేడు పెట్టి, ఒక్కటి కూడా చిరక్కుండా కోసి దాచాను. దేవుడి దగ్గర పెట్టాను. నువ్వే కదా చెప్పావు, బస్తాకి ప్రాణం టోకెన్‌లో ఉంటుందని! బస్తా ఎటుపోతే ఏం, ప్రాణం ఇంట్లోనే ఉంది.”

భానుశ్రీకి నవ్వొచ్చింది. అదే క్షణంలో కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ రావడాన్ని ఆమె లోపల ఎవరో గట్టున నిలబడి చూస్తున్నట్టనిపించింది. బెంగళూరులో, దుబాయిలో, తెరల మీద ముఖాలు మాత్రమే కనిపించే సమావేశాల్లో, ఈ సంగతిని ఎంతమందికి విడమరిచి చెప్పింది! ఇంట్లో ఒక్క మనిషి పూర్తిగా నమ్మాడు. నమ్మి, తలకిందులుగా అర్థం చేసుకున్నాడు.

“ఎక్కడికి పంపావు?”

దుర్గాప్రసాద్ వంటింటి వైపు చూశాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

“అమ్మా?”

కనకలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “నేనే పంపించమన్నాను. టిఫిను తినే మనిషిని అలా నిలదియ్యకు. నన్నడుగు.”

“మామయ్యకా?”

“మా అన్నయ్యకి, మా అన్నయ్య ఊరికి.” కనకలక్ష్మి గొంతులో తప్పు చేసినవాళ్ళ మెత్తదనం లేదు. “కోతకి రెండ్రోజుల ముందు వరిచేలల్లో మినుములు చల్లారు. మర్నాడే తుపాను వాన. గింజంతా కుళ్ళిపోయింది. నేలలో పదును ఆరేలోపు మళ్ళీ చల్లకపోతే ఈ ఏడాదికి దివిసీమలో మినుము లేనట్టే. బజార్లో విత్తనం లేదు. రత్తయ్య అన్నయ్య ఫోన్లో మాట్లాడలేదే, బరువుగా ఊపిరి తీశాడంతే. పుట్టింటివాళ్ళ ఊపిరి ఎలా ఉంటుందో నీకేం తెలుసు?”

“చేబదులిచ్చాం అంతే,” అన్నాడు దుర్గాప్రసాద్. “మా నాన్న ఇవ్వలేదా? వాళ్ళ నాన్న ఇవ్వలేదా? గోడౌన్ ఉన్నవాడు విత్తనం లేదంటాడా ఎక్కడైనా? మినుముకి పేరుంటుందా, ఊరుంటుందా? గింజ గింజే.”

“ఆ బస్తాలు నీవి కావు నాన్నా.”

“మార్చిలో తిరిగొస్తాయి కదా!”

“ఊరికే కూడా కాదు,” అంది కనకలక్ష్మి. “నాలుగిస్తే ఐదు పెడతారు. మా ఊళ్ళో ఎప్పుడూ అదే పద్ధతి. నేలకి ఇచ్చింది నేల ఉంచుకోదు.”

భానుశ్రీ తల్లి వైపు తిరిగింది.

“ఏంటలా చూస్తావు? నువ్వే చెప్పావుగా ఆ మధ్య. గాదెలో ఎవరూ తీసుకోని డబ్బుని ఏదో నెట్‌వర్క్ కాపలాకి కట్టేస్తే, దానికదే పెరుగుతుందని, ఎవడి జేబులోంచీ రాదని. గేదెని తాకట్టు పెట్టినా పాలు మన దాకలోకే వస్తాయన్నావు. పేరు కూడా చెప్పావు.”

“నేటివ్ ఈల్డ్. అంటే, సొంత రాబడి.”

“ఆఁ, అదే. మరి ఇదేంటి? నేల పెట్టే ఐదో బస్తా ఎవడి జేబులోంచి వస్తుంది?”

బయట వీధిలో ఒక ఆటో ఆగి, బేరం కుదరక వెళ్ళిపోయింది.

భానుశ్రీ చీటీల కట్టని చేతిలోకి తీసుకుంది. మూడేళ్ళుగా తను చేసిందేమిటి? బస్తాల్ని నిద్రపుచ్చింది. కదలని బస్తా, తాళం వేసిన బస్తా, దాని మీద అప్పు, అప్పు మీద వడ్డీ. ఆ వడ్డీ మళ్ళీ రైతు జేబులోంచే. డబ్బుకి మాత్రం సొంత రాబడి వెతికిపెట్టింది గానీ, మొలకెత్తే గుణం పుట్టుకతోనే ఉన్న గింజని పట్టుకెళ్ళి చీకట్లో కూర్చోబెట్టింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? అమ్మకి ఎందుకు తట్టింది?

ఆ రెండో ప్రశ్నలో కొంచెం అసూయ ఉందని కూడా ఆమె గమనించింది.

“లెగు నాన్నా. చెయ్యి కడుక్కో. గోడౌన్‌కి పోదాం.”

“లారీ...”

“లారీని నేనే వెనక్కి పంపిస్తాను. ఆ బస్తాలు లేవనే చెప్దాం. ఎక్కడున్నాయో కూడా చెప్దాం.”

“పిచ్చా నీకు?” దుర్గాప్రసాద్ లేచి నిలబడ్డాడు. “నలభై ఏళ్ళ గోడౌన్ ఇది! దుర్గాప్రసాద్ గోడౌన్‌లో అరవై బస్తాలు తక్కువని లోకానికి టాంటాం వేస్తావా?”

“వేస్తాను.”

“ఏవండీ,” అంది కనకలక్ష్మి, చెప్పుల కోసం చూస్తూ, “నేనూ వస్తాను. బుర్రకి తట్టించింది నేనైతే, గొడవ మీ ఇద్దరికే వదిలేస్తానా?”

*

గోడౌన్ ముందు లారీ నిలబడి ఉంది. దాని వెనకే, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, శాంభవి కూడా. గంట ముందే వచ్చేసింది ఆడిట్ అమ్మాయి.

“నమస్కారమండీ. లోపలికి వచ్చే సరుకా, వెళ్ళే సరుకా?” అంది లారీని చూపించి, మామూలుగా.

దుర్గాప్రసాద్ నోరు తెరిచాడు. ఆయన నోట్లో అబద్ధం తయారవడం భానుశ్రీకి కనిపించింది. చిన్నప్పుడు తన ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు ఆయన పెదాలు ఇలాగే కదిలేవి, అమ్మకి ఏం చెప్పాలా అని.

“దారి తప్పి వచ్చిందండీ,” అంది తను ముందుగా. డ్రైవరు వైపు తిరిగి, “వెనక్కి తీసుకెళ్ళిపో బాబాయ్. వెంకటకృష్ణారావు గారికి నేను ఫోన్ చేస్తాను,” అంది.

“దించమన్నారు కదమ్మా?”

“వద్దంటున్నాను కదా.”

డ్రైవరు దుర్గాప్రసాద్ వైపు చూశాడు. ఆయన ఆకాశంలోకి, థర్మల్ స్టేషన్ పొగగొట్టాల వైపు చూస్తున్నాడు. లారీ తిరిగి వెళ్ళిపోయింది.

“శాంభవి గారూ, మీరు లెక్క మొదలుపెట్టకముందే ఒక మాట. అరవై తగ్గుతాయి.”

శాంభవి ఆమెను తేరిపార చూసింది. “ఇరవై గోడౌన్లు తిరిగానండీ ఈ పనిలో. లెక్క అయ్యాక చెప్పినవాళ్ళున్నారు, నా మీద అరిచినవాళ్ళున్నారు. ముందే చెప్పింది మీరొక్కరే. అయినా నాకు కనిపించిన బస్తాలే రాస్తాను. ఏమీ అనుకోకండి.”

“అలాగే రాయండి.”

దుమ్ముకి తుమ్ముకుంటూ, వరస వరసకీ ఆగుతూ, గంటన్నర లెక్కపెట్టింది శాంభవి. హమాలీలు మెట్ల బల్లలు జరిపారు. ఊడ్చే శౌరమ్మ చీపురు పట్టుకుని ప్రతి వరస చివరా నిలబడి, “అక్కడ రెండోసారి లెక్కెట్టావమ్మా” అంటూ సరిదిద్దింది. నాలుగువేల నూట నలభై. శాంభవి ఆ అంకె నమోదు చేసిన మరుక్షణం భానుశ్రీ ఫోన్ తెర ఎర్రబడింది. రెండు గంటల గడువు. ఆలోపు మూడింట రెండొంతుల బస్తాల సొంతదార్లు ఒప్పుకోకపోతే గాదె మూత పడుతుంది.

గోడౌన్ ఆఫీసు గదిలో కూర్చుని, రైతులకీ డబ్బు వేసినవాళ్ళకీ ఒక్క ఊపున రాసింది. దాచడానికి ఏమీ లేనప్పుడు మాటలు ఎంత తొందరగా వస్తాయో ఆమెకు ఆశ్చర్యమేసింది.

‘అరవై బస్తాలు గోడౌన్‌లో లేవు. మీ అనుమతి లేకుండా విత్తనానికి ఇచ్చాం. అది మా తప్పు. అవి ఇప్పుడు దివిసీమలో, మూడొందల డెబ్బై ఎకరాల్లో నేలలో ఉన్నాయి. మార్చిలో డెబ్బై ఐదుగా తిరిగి రావాలి. చీడ పట్టొచ్చు, వాన పడొచ్చు, రాకపోవచ్చు. రాకపోతే మా నాన్న సొంత బస్తాల్లోంచి తీసుకోండి. ఒప్పుకుంటే, వచ్చే ఏడాది నుంచి గాదెలో విత్తనానికని కొంత భాగం విడిగా ఉంచుదాం. ఆ బస్తాల రాబడి వడ్డీ కాదు, పంట. ఒప్పుకోకపోతే తలుపు మూసెయ్యండి.’

పంపింది.

ఐదు నిమిషాలు ఏమీ లేదు. కనకలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటోంది.

తర్వాత ఒక ఓటు. పన్నెండు బస్తాలు. సరే.

ఇంకొకటి. నలభై. సరే. ఇంకొకటి, కాదు. తర్వాత వరసగా, వాన మొదట్లో రేకుల మీద చినుకుల్లా, సరే, సరే, కాదు, సరే. ఒక రైతు గొంతు రికార్డు చేసి పంపాడు: “అమ్మాయ్, చేలో ఉన్నా, చేతులకి బురద. మా ఆవిడ నొక్కుద్ది. అదే తుపానుకి మా విత్తనమూ కుళ్ళింది. మాకెందుకివ్వలా?”

“మాకెందుకివ్వలా అంటున్నాడు నాన్నా!” భానుశ్రీ కుర్చీలోంచి లేచిపోయింది. “తిట్టట్లేదు! నాకూ కావాలంటున్నాడు!”

డబ్బు వేసినవాళ్ళ వైపు నుంచి కూడా కదలిక వచ్చింది. కొందరు మాట లేకుండా డబ్బు వెనక్కి లాక్కున్నారు. ఒకాయన మాత్రం, ఏ దేశమో తెలీదు, మినుము బొమ్మ వెతికి పెట్టి మరీ అడిగాడు: ఈ గింజని నేలకి కట్టేస్తే, కాయిన్ని నెట్‌వర్క్ కాపలాకి కట్టేసినట్టేనా? అక్కడ కాపలా తప్పితే కాయిన్‌కి కోత పడుతుంది, ఇక్కడ నేల తప్పు చేస్తే శిక్ష ఎవరికి?

ఆమె గట్టిగా నవ్వింది. శాంభవి కూడా తల వంచి తెరలోకి చూస్తోంది. “నేను చూడకూడదు గానీ,” అంది మెల్లగా, “చాలా బావుందండీ ఇది.”

“ఎంత కావాలి మొత్తం?” అన్నాడు దుర్గాప్రసాద్. అంతసేపట్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

“రెండువేల రెండొందల బస్తాల ఓట్లు. పద్ధెనిమిది వందల డెబ్బై వచ్చాయి.”

“ఓస్, ఇంతేనా! నావి తొమ్మిదొందలు లేవూ? ఎక్కడ నొక్కాలో చూపించు.”

“నీకు ఓటు లేదు నాన్నా. తక్కువొచ్చినప్పుడు గోడౌన్ వాళ్ళ బస్తాలు లెక్కలోకి రావు.”

“ఏ వెధవ రాశాడు ఆ రూలు?”

“నేనే.”

కనకలక్ష్మి స్తోత్రం మధ్యలో ఆపి నవ్వేసింది. దుర్గాప్రసాద్ కూడా నవ్వబోయి, మీసం కిందే మింగేశాడు.

ఆ తర్వాత ఓట్లు ఆగిపోయాయి. కోతల రోజులు, ఫోన్లు గట్టు మీద సంచుల్లో ఉంటాయి. మోగినా ఎత్తేవాళ్ళు లేరు. ఇరవై నిమిషాల్లో మూడు ఓట్లు, అందులో రెండు కాదు. భానుశ్రీ జాబితా కిందికి జరుపుతూ వెళ్ళి ఒక పేరు దగ్గర ఆగింది. నాలుగొందల పది బస్తాలు. అందరికన్నా ఎక్కువ. ఆయన ఒక్కడు సరేనంటే చాలు.

రామకోటేశ్వరరావు.

పేరు పైకి చదవలేదు ఆమె. అయినా తండ్రి ముఖం మారింది, ఆమె వేలు ఎక్కడ ఆగిందో చూశాడు కాబట్టి.

“ఆయన సరుకు ఇక్కడుందా? నా గోడౌన్‌లోనా?”

“చీటీ మీద నంబరే కదా, పేరుండదు. పోయినేడాది నేనే వెళ్ళి అడిగాను. ‘మీ నాన్న తాళాన్ని నమ్మనమ్మా, నీ చీటీని నమ్ముతాను’ అన్నారు.”

కనకలక్ష్మే అంది, శాంభవికి చెప్తున్నట్టుగా, నిజానికి కూతురికి: “ఇద్దరూ కలిసే నడిపేవాళ్ళమ్మా ఈ గోడౌన్‌ని. పదకొండేళ్ళ కిందట తొమ్మిది బస్తాలు బదులు తీశాడాయన, ఎవరి పెళ్ళికో. నాలుగో రోజుకి తెచ్చి పెట్టేశాడు. ఈయన వినలేదు. హమాలీలందరి ముందూ తాళాలు లాక్కుని, దొంగ అన్నారు. అప్పట్నుంచీ మాటల్లేవు.”

భానుశ్రీ తండ్రి వైపు చూడలేకపోయింది. గింజ గింజే, అన్నాడు పొద్దున. గోడౌన్ ఉన్నవాడు విత్తనం లేదంటాడా, అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన లోపల ఎక్కడో ఆ తొమ్మిది బస్తాలు కదిలి ఉంటాయా? లేక మనిషి తన మనసులో కూడా గదులు కట్టుకుని, ఒక గది తాళం ఇంకో గదికి పట్టకుండా చూసుకుంటాడా?

ఫోన్ కలిపింది. రెండో రింగుకే ఎత్తాడాయన.

“నువ్వు రాసింది చదివానమ్మా. రెండుసార్లు చదివాను. నేను నొక్కకుండా ఆగింది నీ వల్ల కాదు.” గొంతు నెమ్మదిగా, తొందరేమీ లేనట్టుంది. “‘మా తప్పు’ అని రాశావు. ‘మా’ అంటే ఎవరు? అడగాల్సినవాణ్ణి అడగమను.”

“బాబాయ్ గారూ, పద్ధెనిమిది నిమిషాలే ఉంది.”

“నేను పదకొండేళ్ళు ఆగానమ్మా.”

భానుశ్రీ ఫోన్‌ని తండ్రి వైపు చాచింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా. ఇంకా పదిహేడు నిమిషాలుంది. కనకలక్ష్మి లేచి వచ్చి, భర్త కుడిచేతిని ముందుకు లాగి, ఫోన్ అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

“నేను,” అన్నాడు దుర్గాప్రసాద్. “ప్రసాదుని.”

అవతల దూరంగా కోత మెషీన్ మోత.

“ఎన్ని బస్తాలు ప్రసాదూ?”

“అరవై.”

“ఆ రోజు ఎంతమంది హమాలీలున్నారు అక్కడ? గుర్తుందా?”

దుర్గాప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి గుర్తుందని, ఒక్కో ముఖమూ గుర్తుందని భానుశ్రీకి అప్పుడు తెలిసింది.

“పధ్నాలుగు మంది.”

“ఇప్పుడెంతమందున్నారు?”

ఆయన కళ్ళు తెరిచి కిటికీలోంచి బయటికి చూశాడు. మధ్యాహ్నం కూడు క్యారేజీలు విప్పుకుని, రేకుల నీడలో కూర్చున్నారు హమాలీలు. శౌరమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపింది.

“పదకొండు మంది. శౌరమ్మతో పన్నెండు.”

అవతల ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. ఇంకా పదిహేను నిమిషాలుంది.

“స్పీకర్ ఎక్కడే దీనికి?” అన్నాడు దుర్గాప్రసాద్.

భానుశ్రీ నొక్కింది. కోత మెషీన్ మోత గది నిండా పరుచుకుంది. ఫోన్‌ని గుండెకి ఎత్తుగా పట్టుకుని, ఆయన గుమ్మం దాటి ఎండలోకి నడిచాడు.

“ఒరేయ్, అందరూ ఇటు రండిరా. ఆ రోజు అందరి ముందూ అన్న మాట, అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. శౌరమ్మా, నువ్వు కూడా లే.”

చేతుల్లో ముద్దలు అలాగే పట్టుకుని ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు.